పొమ్మనలేక పెట్టు పొగ

మనుష్యుడు పనికి పోవునది కేవలము జీతము కొరకే యని చెప్పువారు ఏ పనినైనను మనసుపెట్టి చేసినవారు కారని నా నమ్మకము. జీతము నెలకొక్కసారి చేతికి వచ్చును. ఈ పని నాకు వచ్చునన్న ధైర్యము, నా చేతి వ్రాత పదిమందికి అక్కరకు వచ్చుచున్నదన్న తృప్తి మాత్రము దినదినమును మనుష్యుని నిలువబెట్టుచుండును. ఉదయము కార్యాలయపు మెట్లెక్కి దీపాలవేళకు ఇల్లు చేరుకొను సామాన్యోద్యోగి తన మెలకువలో సగపాలు ఆ నాలుగు గోడల నడుమనే గడుపును. కన్నబిడ్డల ముఖముకంటె ప్రక్క బల్లవాని ముఖమునే ఎక్కువసేపు చూచును. అటువంటి చోట, అన్నము పెట్టు ఆ చోటనే, ఒక మనుష్యునికి తన పనిమీద గల ధైర్యమును రోజుకింతగా హరించి, వాడంతట వాడే లేచిపోవునట్లు చేయు దురాచారమొకటి మన మధ్య పాతుకొనియున్నది. దానికి దెబ్బ లేదు, నెత్తురు లేదు, వైద్యుడు చూచి వ్రాసి యీయదగిన గాయము లేదు. పొమ్మనలేక పొగ పెట్టుట యని మన పెద్దలు ఏనాడో దీని తత్త్వమును గ్రహించిరి. పొగ పెట్టినవాడు తలుపు తీసియే యుంచును. బయటికి నడిచినవాడు తన కాళ్లతో తానే నడిచి పోయినట్లు లోకమునకు కనబడును.

ఈ మాట ఎత్తగానే కొందరు నొసలు చిట్లింతురు. పని సరిగా చేయనివానిని అధికారి మందలింపవలదా, మందలింపునకే కుమిలిపోవు సుకుమారులు ఉద్యోగములకేల రావలెను అని అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పక ముందునకు సాగుట న్యాయము కాదు. నా ఉద్యోగ జీవితపు తొలినాళ్లలో నా పైన ఒక సూపరింటెండెంటుగారుండెడివారు. నేను వ్రాసి పంపిన డ్రాఫ్టు నిండ ఎర్రసిరా గీతలతో తిరిగివచ్చెడిది. మరల వ్రాసి పంపినను తిరిగివచ్చెడిది. అప్పుడు పిలిచి, ఎదుటి కుర్చీ చూపి, "ఈ వాక్యానికి కర్త ఎవరు నాయనా? ఇది చదివిన అధికారి ఏ ఉత్తర్వు ఇవ్వాలో ఇందులో ఎక్కడుంది?" అని అడిగెడివారు. ఆ డ్రాఫ్టునే పై అధికారి మెచ్చుకొన్న దినమున, "మా కుర్రవాడు రాశాడండీ" అని నన్ను ముందుకు నెట్టి తాము వెనుకకు తగ్గెడివారు. ఆయన చేతి క్రింద మేము పడిన శ్రమ సామాన్యమైనది కాదు. కాని ఆయన పేరు చెప్పిన నేటికిని మా తరమువారు చేతులు జోడింతురు.

కాఠిన్యము పనిని గురి చేసికొనును. పీడనము పని చేయువానిని గురి చేసికొనును. కఠినుడైన అధికారి యెదుట ఏమి చేసినచో మెప్పు కలుగునో తెలియును. పీడకుని యెదుట చేసినను తప్పే, చేయకున్నను తప్పే, ఏల చేసితివని యొకనాడు, ఏల చేయలేదని మరునాడు. ఒకని క్రింద ఉద్యోగి పని నేర్చుకొనును. మరియొకని క్రింద వచ్చిన పనిని మరచిపోవును. వచ్చిన పనిని మరచిపోవుట యన్నమాట నేను ఊరక వాడలేదు. అది కన్నులార చూచినవాడను.

అటుపిమ్మట చాల ఏండ్లకు ఒక జిల్లా కార్యాలయమున మా సెక్షనులో పింఛను కాగితములు చూచు సీనియరు అసిస్టెంటు ఒకరుండిరి. ఏ ఉద్యోగి సర్వీసు రిజిస్టరులో ఏ ఇంక్రిమెంటు నమోదు కాలేదో, ఏ సెలవును అర్ధజీతపు సెలవుగా మార్చవలెనో, పుటలు అటునిటు త్రిప్పి నిమిషములలో చెప్పగల దిట్ట. రిటైరు కాబోవువారు దూరపు తాలూకాల నుండి వచ్చి ఆయన బల్లకు ఎదురుగ కూర్చుండి, "మీ చేతి మీదుగా వెళితే ఏజీ ఆఫీసులో కొర్రీ పడదండీ" అనెడివారు. ఆ మాటకు ఆయన పైకి నవ్వకపోయినను, కళ్లజోడు తీసి తుడుచుకొని మరల పెట్టుకొనెడివారు. అదియే ఆయన సంతోషమునకు గుర్తు. అట్టివారి యెదుట క్రొత్తగా వచ్చిన అధికారి ఒక పాత బిల్లును ఉంచి, వెనుకటి తేదీ వేసి నోటు పెట్టుమనెను. "తేదీ మార్చి నోటు పెట్టడం నా వల్ల కాదు సార్" అని ఆయన నెమ్మదిగనే చెప్పిరి. ఆనాడు ఆ గదిలో ఎవ్వరును గొంతు పెంచలేదు.

మరుసటి వారమున ఆయన సీటు మారినది. పింఛను కాగితములు వేరొకరికి పోయినవి. ఆయనకు డిస్పాచి ఇచ్చిరి. కొంతకాలమునకు బల్లయు మారి, రికార్డు గదికి ప్రక్కన, పంకా గాలి తగులని వరండా మూలకు చేరినది. అందరును పదింటికి అటునిటుగ వచ్చు ఆఫీసులో హాజరు పట్టీ పైన ఎర్రసిరా గుర్తు ఆయన పేరు కెదురుగ మాత్రమే పడసాగినది. గుర్తు వెంట మెమో, మెమో అడుగున మూడు దినములలోగా సంజాయిషీ యిచ్చుకొనవలెనన్న తాఖీదు. సంజాయిషీ యిచ్చినచో అది సంతృప్తికరముగ లేదని వేరొక మెమో. సాయంకాలము ఐదింటికి పిలుపు వచ్చును. అధికారి గది వెలుపల ఏడింటి దాక నిలుచున్న పిమ్మట, "ఇప్పుడేం లేదు, వెళ్లమన్నారు" అని అటెండరు తల వంచుకొని చెప్పును. నెలవారీ సమీక్షలో అందరి యెదుట, "మీరింకా సర్వీసులోనే ఉన్నారా?" అని అధికారి అడుగును, ముందు వరుసలోనివారు కొందరు నవ్వుదురు, తక్కినవారు తమ తమ కాగితములలోనికి చూచుకొందురు.

ఆ కార్యాలయమున ఆయనను ద్వేషించినవారు ఒక్కరును లేరు. అయినను మధ్యాహ్నపు టీకి పోవునప్పుడు ఆయన బల్ల వద్ద ఆగి పిలుచుట మెల్లగ తగ్గిపోయెను. ఆయనతో మాటలాడుచుండగ ఎవరి కంటనైన పడినచో ఆ సెగ తమకును తగులునేమో యన్న జంకు ఒక్కొక్కరినే ప్రక్కకు తప్పించినది. ఒకనాటి మధ్యాహ్నము ఆయన ఒక కవరు తెచ్చి నా బల్లపైన పెట్టి, "ఈ పిన్‌కోడు సరిగానే రాశానా, ఒక్కసారి చూస్తారా?" అని అడిగిరి. జిల్లాలోని పోస్టాఫీసుల పిన్‌కోడులన్నియు ఆయనకు కంఠోపాఠము; మేమందరము వానిని ఆయననే అడుగుచుండెడివారము. ఆ ఆరంకెలును సరిగనే యున్నవి. ఆ మాటే చెప్పితిని. ఆయన తల యూపి తన చోటికి పోయి, డిస్పాచి రిజిస్టరు తెరచి, ఒక్కొక్క అంకె మీదను వ్రేలు పెట్టి మరల చూచుకొనిరి. అప్పటికిని అంటించక కవరును ప్రక్కన పెట్టి, ఇంకొక కుర్రవాడు వచ్చువరకు వేచియుండి వానికిని చూపిరి.

ఇంకను ఏండ్ల సర్వీసు ఉండగనే ఆయన స్వచ్ఛంద పదవీ విరమణ పుచ్చుకొనిరి. స్వచ్ఛంద మన్నమాట ఆ ఉత్తర్వులో వ్రాసియే యున్నది. తరువాత కొందరు పాత అలవాటు చొప్పున సర్వీసు రిజిస్టర్లు చంకనబెట్టుకొని ఆయన ఇంటికే పోయిరట. "నాకిప్పుడవేవీ గుర్తుకు రావండీ, ఇంకెవరికైనా చూపించుకోండి" అని వారిని గుమ్మము నుండియే పంపివేసిరట. ఇరువది ముప్పది ఏండ్లు చేత నాడిన నిబంధనలు కొలది నెలలలో మరపునకు వచ్చునా? నిబంధనలు ఎక్కడికిని పోలేదు; తన మాట సరియైనదే యగునన్న విశ్వాసము పోయినది. ఉద్యోగమునకంటె విలువైనదానిని ఆ కార్యాలయము ఆయన వద్ద తీసికొన్నది. దానికి రసీదు లేదు.

ఇప్పుడు ఒక న్యాయమూర్తిని పిలిచి ఈ కథలోని కాగితములన్నిటిని విడివిడిగ ఆయన యెదుట పెట్టుదము. సీటు మార్చుట అధికారికి గల అధికారమే. ఆలస్యమైనవానికి మెమో యిచ్చుట నియమబద్ధమే. బల్ల ఎక్కడ వేయవలెనన్నది కార్యాలయ సౌకర్యమునకు సంబంధించినది. సాయంకాలము పిలిచి పంపివేయుటకు కాగితమే లేదు. ఏ యొక్కదానిని పట్టుకొన్నను నేరము కనబడదు. అన్నిటిని కాలక్రమమున ఒక్క దండగ గ్రుచ్చినప్పుడే అది కనబడును. జర్మనీలో పుట్టి స్వీడనులో స్థిరపడిన మనస్తత్వవేత్త హైంజ్ లైమన్ 1980వ దశకమున పనిచోటి పీడనను శాస్త్రీయముగ పరిశీలించినప్పుడు గ్రహించిన రహస్యమిదియే. ఆయన ఇటువంటి చేష్టలను నలువది యయిదు విధములుగ విభజించెను: మాటలాడనీయకుండుట, మాటలాడుట మానివేయుట, వెనుక నిందలు ప్రచారము చేయుట, పని లాగికొనుట, అర్థములేని పని అప్పగించుట ఇత్యాదులు. వీనిలో ఏదైనను ఒక్కసారి జరిగినచో దానిని పీడన యనలేదు. వారమునకొక్కసారికి తక్కువ కాకుండ, ఆరు మాసములకు తక్కువ కాకుండ, ఒకే మనుష్యుని పైన సాగినచో అది పీడన యని ఆయన ఒక కొలత నిర్ణయించెను. ఆయన కృషి ఫలితముగ 1993లో స్వీడను దేశము పనిచోటి వేధింపులను నిషేధించుచు నియమములు చేసినది.

జిల్లా కార్యాలయముల రోజులు పోయినవి, నేటి యువకులు చల్లని గదులలో కంప్యూటర్ల ముందు కూర్చుండి పని చేయుదురు, వారికి ఈ బాధ లేదని తలచువారుందురు. నా మేనకోడలొకతె హైదరాబాదున సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచుండెను. ఒక పండుగకు వచ్చినప్పుడు ఆమె నాతో చెప్పిన మాటలు నాకు పాత వరండాను కన్నులకు కట్టినవి. "మామయ్యా, వాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మీటింగులకు పిలవడం మానేశారంతే. రెండు నెలల తర్వాత, మీటింగుల్లో నీ పాత్ర ఏమీ కనిపించడం లేదని రేటింగు తగ్గించారు. ఆ రేటింగు చూపించి పిప్‌లో పెట్టారు." పనితీరు మెరుగుపరచుట యన్న పేరుతో పెట్టు ఆ గడువు చాలమందికి బయటికి పోవు దారియే యని ఆ పరిశ్రమలోని వారందరును ఎరుగుదురు. రాత్రి పదకొండింటికి కాల్‌లో నలుగురి యెదుట నిలదీయుట, శుక్రవారము సాయంకాలము పని అంటగట్టి సోమవారము ఉదయము అడుగుట, గ్రూపు నుండి పేరు తీసివేయుట — పాత్రలు మారినవి, పొగ అదియే.

ఆ పిల్ల రాజీనామా చేసి పోవచ్చును గదా యనుట సులభము. రిలీవింగ్ లెటరు ఇచ్చునది ఆమె మేనేజరే. రేపు వేరొక కంపెనీవారు విచారించినప్పుడు బదులు చెప్పునదియు ఆ కంపెనీయే. అమెరికాలో హెచ్-1బి వీసా పైన పని చేయు మన పిల్లలకు ఉద్యోగము పోయినచో మరియొక ఉద్యోగము వెదకికొనుటకు మిక్కిలి యైనచో 60 దినముల గడువే. ఇంటి అప్పు, పిల్లల బడి, సంసారమంతయు ఆ గడువు పైన వ్రేలాడుచుండగ, తిట్టిన యజమానికి ఎదురు చెప్పువాడెవడు? మన ఊళ్లలోని కొన్ని ప్రైవేటు కళాశాలలు అధ్యాపకుల ఒరిజినల్ సర్టిఫికెట్లను తమ బీరువాలో పెట్టుకొని తాళము వేయును. అడ్మిషన్లు తేలేదని యజమాని తరగతి గదిలో విద్యార్థుల యెదుట నిందించినను ఆ అధ్యాపకుడు లేచిపోలేడు, తన చదువే అక్కడ కుదువలో నున్నది. పోవుటకు దారి మూసియుంచి పొమ్మని పొగ పెట్టుట కంటె క్రూరమైనది వేరొకటి కలదా? ఇక పీడింపబడువాడు దళితుడో గిరిజనుడో యైనచో, వాని ప్రతి పొరపాటును కోటాకు ముడిపెట్టి మాటలాడు నాలుకలు లేచును. స్త్రీ యైనచో ఆమె ఆలస్యమునకు ఆమె శీలమును ముడిపెట్టు నాలుకలు లేచును. పీడకుడు క్రొత్త ఆయుధములను చేసికొననక్కరలేదు. సమాజము ముందే చేసి పెట్టియున్న వానిని ఎత్తికొన్న చాలును.

దీని ఫలితము మనసుతో ఆగిపోదు. ఆదివారము సాయంకాలమునకే గుండెలో గుబులు మొదలగుట, ఫోను మ్రోగిన ఉలికిపడుట, నిద్రలో సంజాయిషీలు కలవరించుట, బిడ్డలు నవ్వినను విసుగుకొనుట — ఇవి పీడితుల ఇండ్లలోని ఆడవారికి, మగవారికి తెలిసిన సంగతులు. ఫిన్లాండు ఆసుపత్రులలో పని చేయు 5,000కు పైబడిన ఉద్యోగులను కొంతకాలము పరిశీలించి 2003లో ప్రకటించిన పరిశోధన, దీర్ఘకాలము పీడనకు గురియైనవారిలో మనోవ్యాకులతయు హృద్రోగమును ఇతరులకంటె మిక్కిలి హెచ్చుగ నున్నట్లు తేల్చినది. లండను ప్రభుత్వ కార్యాలయముల ఉద్యోగులపైన 1967లో ఆరంభించిన వైట్‌హాల్ పరిశోధన, ఒకే నగరమున ఒకే ప్రభుత్వము క్రింద పని చేయువారిలోనే పై మెట్టువారికంటె క్రింది మెట్టువారు గుండెజబ్బుతో ఎక్కువగ మరణించుచున్నారని చూపినది. 1985లో మొదలైన దాని రెండవ భాగము, తన పనిమీద తనకు అధికారము లేకపోవుట గుండెకు హాని యని వెల్లడించినది. మాట పడుటకు అలవాటు పడవలెనని ఉపదేశించువారు, రక్తనాళములు ఆ ఉపదేశమును వినవని తెలిసికొనవలెను.

సంస్థకు కలుగు నష్టము వేరు. ఒకరిని పీడించుచుండగ చూచిన నలుగురు ఆ దినము నుండి నిజము చెప్పుట మానుదురు. లెక్కలో తప్పు దొరలినచో దాచుదురు. వంతెన పగులు చూచినచో తమ పరిధి కాదందురు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మందు మోతాదు తప్పు వ్రాసినచో నర్సు నోరు మెదపదు. భయము రాజ్యమేలు చోట పై అధికారికి చేరు కాగితములన్నియు శుభ్రముగ నుండును, సత్యము మాత్రము వాని యందుండదు.

అయినచో పీడకుని సంస్థ ఏల సహించును? ఈ ప్రశ్నకు సమాధానము మన భారతమున కలదు. తెలుగు భారతమున తిక్కన సోమయాజి చేపట్టిన భాగము విరాటపర్వముతో ఆరంభమగును. ఆ విరాటుని కొలువులో సైరంధ్రి ఒక ఉద్యోగిని. ఆమెను కీచకుని ఇంటికి మద్యము తెమ్మని పంపినది స్వయముగ ఏలిక సానియైన సుదేష్ణయే. ఆ పని వెనుకనున్న దురుద్దేశము ఆమెకు తెలియనిది కాదు. తప్పించుకొని సభకు పరువెత్తి వచ్చిన సైరంధ్రిని కీచకుడు రాజు కన్నుల యెదుటనే తన్నెను. విరాటుడు దుర్మార్గుడు కాడు. కాని అతని రాజ్యము కీచకుని భుజబలము పైన నిలిచియున్నది. పని జరిపించువాడు, శత్రువులను అణచువాడు, అతనిని దండించినచో రేపటి యుద్ధమునకు సేనాధిపతి ఎవరు? నేటి సంస్థాధిపతి నోట, "మనిషి కొంచెం దురుసే గాని టార్గెట్లు తెస్తాడు" అన్న మాట విన్నప్పుడెల్ల నాకు విరాటుని ధర్మసంకటమే జ్ఞప్తికి వచ్చును. ఆ సభలో ధర్మజుడున్నాడు, భీముడున్నాడు, మంత్రులున్నారు. చూచినవారికి కొదువ లేదు. న్యాయము పగటివేళ సభలో జరుగనందుననే రాత్రివేళ నర్తనశాలలో రక్తపాతముగ జరిగినది.

ఇక పీడన యొక మనుష్యుని దుస్స్వభావము కాక సంస్థ యొక్క విధానమే యైనప్పుడు ఏమగునో చూపిన ఉదంతము ఫ్రాన్సు దేశమున జరిగినది. ఫ్రాన్స్ టెలికాం ఒకప్పుడు ప్రభుత్వ సంస్థ. అది ప్రైవేటు చేతులలోనికి మారిన పిమ్మటను దాని ఉద్యోగులలో అధిక సంఖ్యాకులకు ప్రభుత్వోద్యోగుల హోదా మిగిలియుండుటచే వారిని తొలగించుటకు వీలు లేకపోయెను. సుమారు 1,20,000 మందిలో 22,000 మంది మూడేండ్లలో వెళ్లిపోవలెనని, మరి 10,000 మంది పనులు మారవలెనని 2006లో పెద్దలు సంకల్పించిరి. తొలగించరాదు, కనుక తామే పోవునట్లు చేయవలెను. చేతి పని యెరిగిన సాంకేతికులను ఫోను కౌంటర్లలో అమ్మకములకు కూర్చుండబెట్టిరి. ఊరి నుండి ఊరికి మార్చిరి. కొందరికి పనియే లేకుండ చేసిరి. ఎందరో ఆత్మహత్య చేసికొనిరి. 2019 డిసెంబరు 20న పారిస్ న్యాయస్థానము ఆ సంస్థను, దాని పూర్వాధిపతి దిదియే లొంబార్‌ను, మరి కొందరు ఉన్నతాధికారులను దోషులుగ నిర్ణయించినది. సంస్థకు వేసిన జరిమానా 75,000 యూరోలు. 2025 జనవరిలో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, ఒక్కొక్క ఉద్యోగిని పేరుపెట్టి వేధింపకపోయినను, వేధించు విధానమును బుద్ధిపూర్వకముగ నడపుట నేరమే యని స్థిరపరచినది. జరిమానా స్వల్పమే కావచ్చును. కాని పొగ పెట్టినవాని చేతిని లోకమునకు చూపిన తీర్పు అది.

మన దేశమున ఈ విషయమై చట్టము అక్కడక్కడ మాత్రమే వెలుగు చూపుచున్నది. 1997 నాటి విశాఖ తీర్పు పిమ్మట, 2013లో, పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టు చట్టము వచ్చినది; పదిమందికి తక్కువ కాకుండ పని చేయు ప్రతి చోటను విచారణ సంఘముండవలెనని అది శాసించినది. దళిత గిరిజనులను కులము పేరిట దూషించినవారికి 1989 నాటి అత్యాచారముల నిరోధక చట్టము కలదు. దురుద్దేశముతో చేయు బదిలీని అనుచిత పద్ధతిగ మునుపటి పారిశ్రామిక వివాదముల చట్టపు ఐదవ షెడ్యూలు లెక్కించినది; అది కార్మికులకే గాని పై తరగతుల ఉద్యోగులకు అక్కరకు రాలేదు. రహస్య నివేదికలో ఉద్యోగిని గూర్చి వ్రాసిన ప్రతి మాటను అతనికి తెలుపవలసినదే యని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అంతకు పూర్వము ఒక్క గీతతో ఒకని భవిష్యత్తును వానికి తెలియకుండ మూసివేయుట సాధ్యమై యుండెను. కళాశాలలో పై తరగతి విద్యార్థి క్రింది తరగతివానిని అవమానించినచో శిక్షించుటకు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1997లోనే ర్యాగింగు నిషేధ చట్టము చేసినది. ఆ విద్యార్థియే పట్టా పుచ్చుకొని ఉద్యోగములో చేరిన మరునాడు పై అధికారి చేయు అవమానమునకు మాత్రము అటువంటి రక్ష లేదు. ఫ్రాన్సు 2002లో, జపాను, దక్షిణ కొరియా దేశములు 2019లో దీనికై శాసన నిబంధనలు చేసికొన్నవి. ఆ 2019 జూన్ నెలలోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ జెనీవాలో పనిచోటి హింసా వేధింపులను నిర్మూలించుటకు 190వ ఒడంబడికను ఆమోదించినది. మన దేశము ఆ ఒడంబడికను స్వీకరించి, కులలింగభేదము లేక ప్రతి ఉద్యోగికిని వర్తించు చట్టమును చేయుట అత్యావశ్యకము.

కాని చట్టము వచ్చినను సాక్ష్యమడుగును. మెమోలు చెప్పని దానిని, రిజిస్టర్లలో లేని దానిని, గది వెలుపల నిలువబెట్టిన రెండు గంటలను, సమీక్షలో నవ్విన నవ్వును ఎవరు చెప్పవలెను? పీడితుడు చెప్పినచో ఫిర్యాదు చేయుట వానికి అలవాటే యందురు. పై అధికారికి విడివిడి కాగితములు మాత్రమే కనబడును. ఇంటివారికి వాని ముఖము మాత్రమే కనబడును. మొదటి దినము నుండి కడపటి దినము వరకు సమస్తమును వరుసగ చూచినవాడు ఒక్కడే: ప్రక్క బల్లవాడు. ఒక కార్యాలయమున దళిత యువకుడైన టైపిస్టును అధికారి ప్రతిదినమును కోటా మాటలతో అవమానించుచుండగ, ఆ సెక్షనులోని నలుగురు, వారిలో ఇద్దరు స్త్రీలు, తాము విన్న మాటలను తేదీలతో సహా ఎవరి మట్టుకు వారు వ్రాసియుంచి, విచారణకు వచ్చిన అధికారి యెదుట నిర్భయముగ చెప్పిరి. వారెవరును నాయకులు కారు, ఉపన్యాసకులు కారు. చూచినది చూచినట్లు చెప్పిరి. అధికారి వేరొక చోటికి పోవలసి వచ్చినది; ఆ యువకుడు నేడు అదే శాఖలో సూపరింటెండెంటు.

కనుక ఈ వ్యాసము చదువు ఉద్యోగులకు నా మనవి ఇది. మీ చేతి క్రింద పదిమంది పని చేయుచున్నచో, తప్పును నాలుగు గోడల నడుమ చెప్పుడు, మెప్పును నలుగురి యెదుట చెప్పుడు; మీ కోపము కాగితమును దాటి మనుష్యుని తాకకుండ చూచుకొనుడు. మీరే ఆ పొగలో ఉక్కిరిబిక్కిరి యగుచున్నచో, పని రాని తనము మీకు క్రొత్తగ అబ్బలేదని నమ్ముడు. జరిగినది జరిగినట్లు తేదీ వేసి వ్రాసి పెట్టుకొనుడు. ఇంట చెప్పుడు, వైద్యునికి చెప్పుడు, దాచుకొనకుడు. మీరు ప్రక్క బల్లవారైనచో, రేపు మధ్యాహ్నము టీకి పోవునప్పుడు ఆ మనుష్యుని పేరుపెట్టి పిలుచుకొని వెంట తీసికొని పొండు. విచారణ వచ్చిన దినమున చూచినది చెప్పుడు. ఆ ఒక్క మాట అందినచో నిలువగలిగియుండెడివారు మన కార్యాలయములలో ఎందరో లేచిపోయిరి. ఇకమీదట ఒక్కరినైనను పోనీయకుడు.